కిటికీ గట్టు మీది మొక్క పెరట్లోకి వెళ్ళేవేళ

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు రాలేసరికి మన ఇళ్ళల్లో ఒక చిన్న సందడి మొదలవుతుంది. ఎండాకాలమంతా వంటింటి కిటికీ గట్టు మీద, పాత డబ్బాల్లోనూ చెవులు విరిగిన కప్పుల్లోనూ పెట్టుకుని కాపాడుకున్న మొక్కలు వుంటాయి కదా. ఒక తులసి, నాలుగు మిరప మొలకలు, ఒక పుదీన కొమ్మ, పొరుగింటి వారిచ్చిన వామాకు. నేల తడిసింది కాబట్టి ఇక వీటిని పెరట్లో పెట్టేద్దామని ఒక ఆదివారం పూట తీసుకువెళ్ళి నాటేస్తాం. మూడో రోజుకు తులసి ఆకులు తెల్లబారతాయి. మిరప మొక్క తల వాల్చేస్తుంది. "నా చేయి మంచిది కాదు" అనుకుని వూరుకునేవారు మనలో ఎంతమంది లేరు!

చేతిలో దోషమేమీ లేదండీ. ఇంటి చాటున పెరిగిన మొక్కను బయటి నేలకు అప్పగించడమనే ఈ చిన్న పని వున్నదే, దాని వెనుక పెద్ద చరిత్ర వున్నది. ఓడల్లో వెళ్ళిన మొక్కలు, జ్వరాల మందులు, మన కూరలోని కారం, ఆఖరికి మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల ఆడవాళ్ళ రెక్కల కష్టం, అన్నీ ఈ పనితో ముడిపడివున్నాయి. ఈవేళ ఆ ముచ్చట చెప్పుకుందాం.

ముందు మొక్క ఎందుకు వాడిపోతుందో చూద్దాం. కిటికీలో వున్న మొక్కకు వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది. అందుకని అది వెలుతురు కోసం మెడ సాచి సన్నగా, పొడుగ్గా పెరుగుతుంది. గాలి తగలదు కాబట్టి కాడలో బలం వుండదు. ఎండ తగలదు కాబట్టి ఆకు మీద వుండవలసిన మైనం లాంటి పొర పలచగా వుంటుంది. ఈ పొరే మొక్కకు చీర కొంగు లాంటిది. నేరుగా ఎండలో పెట్టగానే ఆకులోంచి నీరు ఆవిరై పోతుంది, లేత వేళ్ళు అంత వేగంగా నీరు అందించలేవు. మట్టి తడిగానే వున్నా మొక్క దాహంతో చస్తుంది. మనమేమో నీళ్ళు చాలలేదనుకుని ఇంకో చెంబు గుమ్మరిస్తాం. దానితో వేరు కుళ్ళుతుంది. అసలు కావలసింది నీరు కాదు, వారం పది రోజుల అలవాటు.

ఈ అలవాటు సంగతి తెలియక, తెలిసినా వీలుకాక, ప్రపంచంలో ఎన్ని లక్షల మొక్కలు చచ్చిపోయాయో చెప్పలేం. తెల్లవాళ్ళు ఒక దేశపు మొక్కను ఇంకో దేశానికి ఓడల మీద తరలించడం మొదలుపెట్టినప్పుడు పెద్ద బెడద ఇదే. ఓడ మీద ఉప్పుగాలి. మంచినీళ్ళు మనుషులకే కొలత, మొక్కలకు ఎవరు పోస్తారు? నెలల తరబడి ప్రయాణం. రేవు చేరేసరికి మిగిలేది ఎండు పుల్లలే.

దీనికి ఒక దారి దొరికింది కూడా కిటికీ దగ్గరే కావడం విచిత్రం. లండన్‌లో నథానియల్ వార్డ్ అని ఒక వైద్యుడు వుండేవాడు. ఆయనకు మొక్కల పిచ్చి. కానీ ఆ వూరి బొగ్గుపొగకు ఇంటి దగ్గర పెంచిన ఫెర్న్ మొక్కలు బ్రతికేవి కావు. 1829లో ఆయన ఒక చిమ్మట ప్యూపాను, అంటే గూటిలో నిద్రపోయే పురుగును, తడి మట్టితో సహా ఒక సీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతేమో గానీ, సీసాలోని మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డి మొక్క మొలిచాయి. పగటి ఎండకు నీరు ఆవిరై అద్దానికి పట్టేది, చల్లబడగానే మళ్ళీ మట్టిలోకి జారేది. బయటినుంచి చుక్క నీరు పోయనక్కర లేదు. ఆ సీసాను తన గది కిటికీ బయట పెట్టుకుంటే, మూత తుప్పుపట్టేవరకూ, దాదాపు నాలుగేళ్ళు అవి బ్రతికాయి. మనం కూడా మూత పెట్టిన గిన్నెలో ఆవిరి చుక్కలు రోజూ చూస్తూనే వుంటాం. చూసి, కూర ఉడికిందా లేదా అని ఆలోచిస్తాం. ఆయన మొక్కలను గురించి ఆలోచించాడు, అంతే తేడా.

1833లో ఆయన రెండు అద్దాల పెట్టెల నిండా మొక్కలు పెట్టి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపాడు. అవి పచ్చగా చేరాయి. అక్కడి మొక్కలు పెట్టి తిరిగి పంపితే, దారిలో ఓడ మీద మంచు కురిసింది, ఇంకోచోట మండుటెండ కాసింది, అయినా అవీ లండన్ చేరాయి. ఆ తరువాత ఈ 'వార్డ్ పెట్టెలు' లోకమంతా తిరిగాయి. చైనా తేయాకు మొక్కలను వేల సంఖ్యలో హిమాలయ సానువులకు చేర్చింది ఇవే. అంటే మీరు ప్రొద్దున్నే త్రాగే చాయ్‌కీ, ఆ లండన్ కిటికీకీ చుట్టరికం వున్నదన్నమాట.

అయితే పెట్టె వున్నంత మాత్రాన అన్నీ గట్టెక్కలేదు. 1860 ప్రాంతంలో క్లెమెంట్స్ మార్క్‌హామ్ దక్షిణ అమెరికా కొండల నుంచి సింకోనా మొక్కలను నీలగిరులకు తెచ్చే ప్రయత్నం చేశాడు. మలేరియా మందు క్వినైన్ ఈ చెట్టు బెరడు నుంచే వస్తుంది. ఎర్రసముద్రపు వేడికి పెట్టెల్లోని మొక్కలు చాలావరకు ప్రాణం వదిలాయి. చివరకు ఉదకమండలంలో సింకోనా తోటలు లేచాయంటే, చాలావరకు విత్తనాలు మొలిపించి, ఆ నారును నీడ నుంచి వెలుతురుకు మెల్లమెల్లగా అలవాటు చేసిన తోటపనివారి ఓర్పు వల్లనే. క్వినైన్ పొట్లాలు బ్రిటిష్ ఇండియాలో పోస్టాఫీసుల్లో కూడా అమ్మేవారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. మందు మొక్క ముందు వచ్చి, రోగానికి కారణం తరువాత తెలిసింది! గోదావరి ఒడ్డు అడవి పల్లెల్లో చలిజ్వరం అంటే ఎలాంటిదో భూపాలపల్లి వైపు పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

సరే, ఇంగ్లీషువాళ్ళ పెట్టెల సంగతి పుస్తకాల్లోకి ఎక్కింది. మన వంటింట్లోకి వచ్చిన మొక్కల సంగతి ఎవరు వ్రాశారు? మిరపకాయనే తీసుకోండి. కారం లేని తెలుగు వంట మనం ఊహించుకోలేం. కానీ మిరప మన నేలది కాదు. అది అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసువారి ఓడల్లో పదహారవ శతాబ్దంలో మన పడమటి తీరానికి దిగింది. అంతకు ముందు మనకు కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. మిరియం అన్న పాత పేరునే కాస్త మార్చి కొత్త కాయకు పెట్టుకున్నాం. తమిళులూ, కన్నడిగులూ కూడా అదే పని చేశారు.

జనగామ జిల్లాలో పాలకుర్తి వున్నది, బమ్మెర వున్నది. పాలకుర్తి సోమనాథుడు కాకతీయుల కాలపు కవి. బమ్మెర పోతన పదిహేనవ శతాబ్దం వాడు, పొలం దున్నుకుని బ్రతికాడని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆలోచించండి. ఆ మహానుభావులిద్దరూ పచ్చిమిరపకాయ పచ్చడి రుచి ఎరగరు! టమాటా ఎరగరు. ఆలుగడ్డ ఎరగరు. ఈవేళ బమ్మెరలో ఏ ఇంటి పెరట్లో చూసినా మిరప మొక్క వుంటుంది. అయిదు వందల ఏళ్ళలో ఒక పరాయి మొక్క ఇంత మనదైపోయింది.

ఎలా అయింది? మిరపకు ఒక సుగుణం వున్నది. కాయ ఎండిపోయినా లోపలి గింజ ఒకటి రెండేళ్ళు చావదు. చీరకొంగున ముడి వేసుకుని ఎంత దూరమైనా తీసుకువెళ్ళవచ్చు. దానికి అద్దాల పెట్టె అవసరం లేదు. అన్నీ ఇలా కావు. పుదీనకు గింజతో పని లేదు, కాడ విరిచి ఇస్తేనే మరో ఇంటికి పోతుంది. తమలపాకు తీగ అంతే. కరివేపాకు గింజ చెట్టు నుంచి రాలిన కొద్ది వారాలకే శక్తి కోల్పోతుంది, అందుకే చెట్టు మొదట్లో లేచే పిలకను వేరుతో సహా త్రవ్వి తెచ్చుకుంటాం. అంటే ఈ మొక్కలన్నీ ప్రాణంతో, తడి గుడ్డలో చుట్టుకుని, మనిషి చేతుల మీదుగా ఇల్లిల్లూ తిరిగినవే. ఆ చేతులు ఎవరివి? పుట్టింటికి వెళ్ళి వస్తూ పుదీన కాడ తెచ్చుకున్నది ఎవరు? కొత్త కాపురానికి వెళ్ళే పిల్ల సామానులో కరివేపాకు పిలక పెట్టింది ఎవరు? వార్డ్‌గారి పేరు పెట్టె మీద నిలిచింది. ఈ అమ్మలక్కల పేర్లు ఎక్కడా లేవు. నాకు ఇది చిన్న లోటుగా కనిపించదు.

పేరు నిలిచిన ఆడవాళ్ళు అసలు లేరని కాదు. మహబూబాబాద్‌ను ఆ ప్రాంతం వాళ్ళు ఇప్పటికీ మానుకోట అంటారు. మాను అంటే చెట్టే కదా, ఎంత అందమైన పేరో చూడండి! ఆ జిల్లాలో బయ్యారం చెరువు వున్నది. దానిని త్రవ్వించింది ఒక స్త్రీ, గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలమ. పదమూడవ శతాబ్దం నాటి మాట. అక్కడి శాసనంలో కాకతీయుల వంశక్రమమంతా చెక్కించి పెట్టింది. కాకతీయుల తొలి తరాల పేర్లు చరిత్రకారులకు తెలియడానికి ఆ చెరువుగట్టు శాసనమే పెద్ద ఆధారమైంది. రాజుల పేర్లు నిలిపిన రాయి ఆడపడుచు వేయించింది, అదీ నీళ్ళ దగ్గర! నాటిన మొక్కకు తడి లేకపోతే తక్కిన నేర్పంతా దండగేనని మీకు వేరే చెప్పాలా?

నీళ్ళు వున్నా నేల ఎవరిది అన్న ప్రశ్న వుంటుంది. కిటికీ మొక్కకు వెళ్ళడానికి ఒక పెరడు కావాలి కదా. పాలకుర్తిలోనే, సోమనాథుడి వూళ్ళోనే, 1940ల నడుమ ఈ ప్రశ్న అడిగింది చిట్యాల ఐలమ్మ. మనమంతా చాకలి ఐలమ్మ అంటాం. కౌలుకు తీసుకున్న భూమిలో ఆమె కుటుంబం పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, ఆమె లొంగలేదు. సంఘం వాళ్ళు అండగా నిలిచారు. పంట ఆమె ఇంటికే చేరింది. తెలంగాణా రైతాంగ పోరాటం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా ఎవరూ ముందుకు పోరు. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూసింది. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆమె పేరు వున్నది. నాటిన చేతికి పంట దక్కాలన్న మాటను అంత గట్టిగా నిలబెట్టిన మనిషి మన పక్క వూరి ఆవిడే.

ఇక మళ్ళీ మిరప నారు దగ్గరకు వద్దాం. మానుకోట, భూపాలపల్లి వైపు రైతు ఇళ్ళల్లో ఈ పనిని శాస్త్రం పేరు లేకుండానే ఎప్పటినుంచో చేస్తున్నారు. వాన మొదలయ్యాక ఎత్తుగా మడి కట్టి గింజ చల్లుతారు. పైన గడ్డి కప్పుతారు. మొలక రాగానే గడ్డి తీస్తారు. ఆరు వారాలకు నారు జానెడు అవుతుంది. పీకబోయే ముందు కొద్దిరోజులు నీటి తడి తగ్గిస్తారు. ఎందుకంటే నారు రాటుదేలాలి. దాహం తెలిసిన నారు పొలంలో నిలబడుతుంది, ముద్దుగా పెరిగింది నడుం వాలుస్తుంది. నాటేరోజు మడికి బాగా తడిపెట్టి, వేరు తెగకుండా పీకి, పొద్దు వాలాక నాటుతారు. వంగి నాటేది దాదాపు అంతా ఆడవాళ్ళే. కాయ ఏరేదీ వాళ్ళే, కళ్ళాల్లో తాలుకాయ వేరు చేసేదీ వాళ్ళే. ఆ కాయ బస్తాల్లో ఎనుమాముల మార్కెట్టుకు చేరి, ధర పలికి, రశీదు వ్రాసేటప్పుడు మాత్రం మగవాడి పేరే వుంటుంది. ఈ మాట ఇంకెక్కడైనా అంటే తగువంటారు గానీ, మన మధ్య అనుకోవచ్చు.

ఆ ప్రాంతంలోనే చపాటా అనే మిరప వున్నది, మీరు బజారులో చూసే వుంటారు. లావుగా, పొట్టిగా, టమాటాలా వుంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆవకాయ పచ్చడికి రంగు రావాలంటే దీన్నే వెతుకుతారు. 2025లో 'వరంగల్ చపాటా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరుతో వేరే చోటి కాయను అమ్మకూడదు. ఆ గుర్తింపు కోసం పాటుపడినవాటిలో మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం ఒకటి. ఓడ దిగి వచ్చిన పరాయి మొక్కకు చివరకు మన వూరి పేరే ఇంటిపేరు అయిందన్నమాట.

ఇంత చెప్పి ఒక చేదు సంగతి దాచిపెట్టడం మర్యాద కాదు. మొక్క ప్రయాణం చేసినప్పుడు దానితోపాటు పురుగూ ప్రయాణం చేస్తుంది. వార్డ్ పెట్టెల్లోని మట్టిలోనూ తెగుళ్ళు దేశాలు దాటాయి. అందుకే మన దేశంలో 1914లోనే బయటి మొక్కల రాకను అదుపు చేసే చట్టం తెచ్చారు. అయినా అన్నీ ఆగవు. ఆగ్నేయ ఆసియా దేశాల్లో వుండే ఒక నల్ల తామర పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. గింజంత కూడా వుండదు. 2021-22లో అది మన మిరప తోటల మీద పడింది. పూవులో దాక్కుని పూవునే తినేస్తుంది, ఇక కాయ ఎక్కడిది? మానుకోట, భూపాలపల్లి, వరంగల్ వైపు రైతులు ఎకరాలకు ఎకరాలు పీకేశారు. అప్పుల బాధకు ప్రాణాలు తీసుకున్నవారూ వున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు మరుసటి ఏడు మళ్ళీ నారు పోశారు. పిల్లల చదువులు వున్నాయి మరి.

అందుచేత ఎవరైనా మొక్క ఇచ్చినప్పుడు సంతోషంగా తీసుకోండి గానీ, తెచ్చి తెచ్చి మీ పాత మొక్కల మధ్య పెట్టకండి. పది రోజులు విడిగా వుంచండి. ఆకు అడుగున చూడండి, పూవు వుంటే తెల్లకాగితం మీద దులిపి చూడండి. సన్నని పురుగులు కదిలితే తెలిసిపోతుంది.

ఈ రోజుల్లో పెద్ద రైతులు కూడా మడి కట్టడం తగ్గించి, నీడవల క్రింద ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరి పొట్టు పోసి పెంచిన నారును నర్సరీల్లో కొంటున్నారు. వేరు చెదరదు, మంచిదే. కానీ నీడలో పెరిగిన నారుకూ మీ కిటికీ గట్టు మొక్కకూ స్వభావం ఒకటే. రెంటికీ ఎండ నేర్పాలి.

భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో వుండే గృహిణులకు, హైదరాబాదు, హనుమకొండ అపార్టుమెంట్లలో వుండేవారికి పెద్ద పెరడు వుండదు. మెట్ల పక్కన నాలుగు జానల నేలో, డాబా మీద రెండు కుండీలో వుంటాయి. చాలు. ఆ వైపు మే నెల ఎండ నలభైఅయిదు డిగ్రీలు దాటుతుంది కాబట్టి అప్పుడు మాత్రం తొందరపడవద్దు. వానలు పడి, వేడి తగ్గాక మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు మొక్కను కుండీతో సహా ప్రొద్దుటి ఎండలో ఒక గంట వుంచి లోపలికి తెచ్చేయండి. తరువాత రెండు గంటలు. గాలి కూడా తగలనివ్వండి. అయిదారు రోజులకు మధ్యాహ్నం దాకా, వారం దాటాక రాత్రి కూడా బయటే. పెద్ద వాన వచ్చే రోజు మాత్రం చూరు క్రిందకు జరపండి. ఆకు రంగు ముదిరి, కాడ కాస్త గట్టిపడితే సిద్ధమైనట్టే.

కొత్తిమీర, మెంతి మాత్రం కదిలించకండి. వాటికి ఒకే వేరు సూటిగా దిగుతుంది, అది తెగితే పోయినట్టే. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, పెరగవలసిన చోటే చల్లండి. పుదీనకు, వామాకుకు ఇంత సేవ అక్కర లేదు, నీడ పట్టున గుచ్చితే అవే అల్లుకుంటాయి. పుదీనను మాత్రం కుండీలోనే వుంచడం మంచిది, నేలలో వదిలితే పెరడంతా తనదే అంటుంది.

తులసిని, మిరపను సాయంత్రం నాలుగు దాటాక నాటండి. ముందుగా డబ్బాలోని మట్టిని తడిపి, మొదలు పట్టుకుని లాగకుండా, మట్టి ముద్దతో సహా బోర్లించి చేతిలోకి తీసుకోండి. గుంటలో పెట్టి, అరచేతితో మట్టి అదిమి, ఒక చెంబు నీళ్ళు నిదానంగా పోయండి. మర్నాడు మధ్యాహ్నం ఆకు కాస్త వాలినా కంగారుపడకండి. పాత గంపను వాలుగా ఆనించి రెండు రోజులు నీడ పట్టండి. సూర్యుడు దిగాక వెళ్ళి చూడండి, ఆకు లేచి వుంటే వేరు నేలను పట్టుకున్నట్టే. ఆ గంపను పక్కింటి వాళ్ళ మొక్కకు ఇవ్వండి.